గుమాస్తా ల్యాప్‌టాప్‌లో ఐపీ మార్చాలంటే: అడ్మిన్ పాస్‌వర్డా, గ్రూపా, రూటర్ రిజర్వేషనా? ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం బజార్లలో లెక్కలు రాసే ల్యాప్‌టాప్ ఒక చోట ఉండదు. పొద్దున కొట్లో, సాయంత్రం గోడౌన్‌లో, ఫైబర్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద. కొట్లో వైఫై కోసం ల్యాప్‌టాప్ వైఫై అడాప్టర్‌కే ఫిక్స్‌డ్ ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కి ఉండే నంబరు, మారకుండా) పెట్టేసి ఉంటే హాట్‌స్పాట్‌లో నెట్ రాదు, ఆ గేట్‌వే (నెట్‌కి దారి చూపే రూటర్ అడ్రసు) అక్కడ ఉండదు కాబట్టి. "బాబూ, పాస్‌వర్డ్ చెప్పండి" అని గుమాస్తా ఫోన్ చేసేది అప్పుడే.

చెప్పకండి. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిస్తే ఐపీ ఒక్కటే కాదు, ఏ సాఫ్ట్‌వేరైనా ఎక్కించవచ్చు, యాంటీవైరస్ తీసేయవచ్చు.

దానికంటే విండోస్‌లోనే ఉన్న 'నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్' గ్రూపు నయం, అందులో ఉన్న అకౌంట్లు అడ్మిన్ కాకుండానే నెట్‌వర్క్ సెట్టింగులు మార్చగలవు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ తెరిచి గుమాస్తా అకౌంటును అందులో చేర్చండి. హోమ్ ఎడిషన్‌లో ఆ పేజీ ఉండదు, ఈ దారి ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకే. చేర్చాక సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రావాలి. చాలామంది ఇది మరిచి "పని చేయలేదు" అంటారు. మార్పులు కంట్రోల్ ప్యానెల్‌లోని అడాప్టర్ ప్రాపర్టీస్‌లో చేయించండి. పాస్‌వర్డ్ అడిగితే గుమాస్తా తన పాస్‌వర్డే కొట్టాలి.

అయితే ఈ గ్రూపులో ఉన్నవాళ్లు డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీగా మార్చే సర్వర్ అడ్రసు) కూడా మార్చగలరు. పొరపాటున రూటర్ ఐపీనే ల్యాప్‌టాప్‌కి ఇస్తే కొట్టంతటికీ నెట్ ఆగిపోవచ్చు. పైగా ఈ గ్రూపుకు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోట) అవసరానికి మించి ఉన్న హక్కుతో పూర్తి అధికారం సంపాదించే లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2025 జనవరిలో సరిచేసింది. అప్‌డేట్లు ఆపేసిన మెషీన్‌లో ఈ గ్రూపు వాడవద్దు.

అసలు ఫిక్స్‌డ్ ఐపీ కావలసింది సర్వర్‌కీ ప్రింటర్‌కీ, ల్యాప్‌టాప్‌కి ఎందుకు? దాన్ని ఆటోమేటిక్‌లో (ఐపీని రూటరే ఇచ్చేలా) వదిలేస్తే హాట్‌స్పాట్ కూడా అదే పట్టుకుంటుంది, ఎవరికీ ఏ హక్కూ ఇవ్వక్కర్లేదు. సర్వర్ ఫలానా ఐపీనే అనుమతిస్తుంటే రూటర్‌లో ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రసుకు (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరుకు) ఆ ఐపీ రిజర్వ్ చేయండి, అంటే రూటర్ ఎప్పుడూ దానికి అదే ఐపీ ఇస్తుంది. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు: వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కి ఇంకొకటి ఉంటుంది; వైఫై సెట్టింగుల్లో 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' ఆన్‌లో ఉంటే అసలు మ్యాక్‌కి చేసిన రిజర్వేషన్ అంటదు.

గోడౌన్ రూటర్ ఐపీ పంచకపోతే ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో 'ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్' ట్యాబ్ నింపి పెట్టండి. ఐపీ ఇచ్చే రూటర్ దొరకనప్పుడు కాసేపు వెతికి విండోస్ దాన్నే తీసుకుంటుంది. కాకపోతే అందులో ఒక్క అడ్రసే పడుతుంది. ఐపీ పంచని చోట్లు రెండు మూడుంటే అప్పుడు గ్రూపే దారి. ఆ అడ్రసులు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి బల్ల మీద అంటించండి, కొట్లో ఎవరున్నా చదువుకునేలా.