కోచ్‌ని ఉంచాలా, పంపేయాలా?

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ మన టైముకి రాత్రి పన్నెండున్నరకి మొదలైతే, ఓడిపోయేసరికి రెండున్నర. ఆ ఉబ్బిన కళ్లతోనే పొద్దున్న ఆర్‌కే బీచ్‌లో మా పంచాయితీ. మా జట్టు మాంచెస్టర్ యునైటెడ్ ఓడినప్పుడల్లా మా బ్యాచ్ రెండు ముక్కలవుతుంది. బావ 'కోచ్‌ని పీకేయాల్సిందే' అంటాడు, నేను 'ఆగు బావా' అంటాను.

బావకి ఉదాహరణగా చెల్సీ జట్టు ఉంది. 2021 జనవరిలో కోచ్ లాంపార్డ్‌ని పంపేసి టుకెల్‌ని తెచ్చారు. మే నెలాఖరుకి యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ కప్పు చేతిలో ఉంది. నాలుగు నెలలే! నిజంగా దీనికి జవాబు చెప్పడం కష్టం. కాకపోతే బావ కథని అక్కడే ఆపేస్తాడు. టుకెల్‌నీ 2022 సెప్టెంబరులో సాగనంపారు. ఆ సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్‌లో చెల్సీ 12వ స్థానం.

నాకేమో ఆర్సెనల్ (శత్రు జట్టుని పొగడాల్సి వచ్చింది, ఏం చేస్తాం). కోచ్‌గా ఆర్టెటా వచ్చాక వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓటమే, ఒక్క గోల్ లేదు, పట్టికలో అట్టడుగు. అయినా ఉంచారు. 2023 నుంచి వరసగా మూడు సీజన్లు రెండో స్థానం.

'రెండో స్థానానికి కప్పివ్వరు రా' అన్నాడు బావ, టీ ఊదుకుంటూ. అదీ నిజమే.

కానీ మన ఇంటి సంగతే చూడండి. 2024 అక్టోబరులో కోచ్ టెన్ హాగ్‌ని తీసేసినప్పుడు యునైటెడ్ 14వ స్థానంలో ఉంది. కొత్త కోచ్, కొత్త పద్ధతి, దానికి సరిపోని పాత ఆటగాళ్లు. సీజన్ ముగిసేసరికి 15. అందుకే నా ఓటు ఉంచడానికే. ఈ మాటకి బావ జవాబివ్వలేదు, ఇంకో టీ చెప్పాడు.