మా డైనింగ్ హాలు నల్లబల్ల: ఆరేళ్ల వాడకం తర్వాత

వస్తువు: నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న నల్లబల్ల. 2019 నవంబరులో కోఠిలో 2,200 రూపాయలకు కొన్నాం, ఆటో ఖర్చు వేరు. వాడేది హైదరాబాద్ శివారులో ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీలో ఉండే మేం తొంభై మందిమి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరైనదాన్ని. వయసు 73. నా మార్కులు అయిదుకు నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను.

చేతులు కడుక్కునే సింకుకీ, బరువు చూసుకునే మిషనుకీ మధ్య దాన్ని తగిలించాం. నిలువుగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేశాం: నవ్వు, ఆరోగ్యం, లోకం. రోజుకొకరి వంతు. పొద్దున ఏడున్నరకు టిఫిన్ గంట కొట్టేలోగా రాసెయ్యాలి. కింద ఫ్లాట్ నంబరు వెయ్యాలి. అక్షరం రెండంగుళాలకు తగ్గకూడదు కాబట్టి ఒక్కో గడిలో పాతిక మాటలకు మించి పట్టవు.

అందరి చేతుల్లో ఫోన్లుండగా ఇదెందుకని పిల్లలు అడిగారు. ఫోన్లో బొటనవేలితో నొక్కితే వంద మందికి పోతుంది, నొక్కినవాళ్లకు నొప్పి ఉండదు. ఇక్కడ మోకాళ్ల నొప్పితో నిలబడి, సుద్దముక్క పట్టుకుని, పాతిక మాటలు చేత్తో రాయాలి. రాసినవాళ్లే పది నిమిషాల్లో సాంబారు దగ్గర అందరికీ దొరికిపోతారు. అక్కడే సగం చెత్త రాలిపోతుంది.

మిగిలిన సగం మాత్రం బల్లెక్కుతుంది. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలన్న ముక్క మీకూ వచ్చే ఉంటుంది. మా మూడో అంతస్తు మేజర్ గారు దాన్ని అందమైన దస్తూరీతో రాశారు. మా డాక్టరమ్మ గారు ఉప్మా చెంచా చేత్తోనే లేచొచ్చి, దాని మీద అడ్డంగా ఎర్ర సుద్దతో ‘దగ్గొద్దు. 108’ అని రాసి వెళ్లి కూర్చున్నారు. నేను చూసిన ఆరోగ్య సలహాల్లో అంత పొట్టిది ఇంకొకటి లేదు.

నవ్వు గడికి పూర్తి మార్కులు. మచ్చుకు రెండు.

డాక్టరు: రోజూ నడుస్తున్నారా? పేషెంటు: రెండు కిలోమీటర్లు సార్. ఎక్కడ? ఇంట్లోనే, కళ్లజోడు వెతుక్కుంటూ.

ఇంకోటి మా లెక్కల మాస్టారిది. అబ్బాయి అమెరికా నుంచి అడిగాడట, ‘నాన్నా, ఒంటరిగా ఉంటోందా?’ అని. ‘లేదురా. పొద్దున బ్యాంకు వాళ్లు, మధ్యాహ్నం కొరియర్ వాళ్లు, సాయంత్రం సీబీఐ వాళ్లు ఫోన్ చేసి ఓటీపీ అడుగుతూనే ఉన్నారు.’

ఇది రాసిన రోజే లోకం గడిలో కూడా మాస్టారు ‘ఫోన్లో అరెస్టు అనేది చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే 1930’ అని వేశారు. సైబర్ మోసాల ఫిర్యాదుకున్న ఆ నంబరును మాత్రం ఇప్పటికీ ఎవరూ తుడవరు, మూలకు జరుపుతారంతే.

లోకం గడిలో బాగా పనికొచ్చేది నవంబరు నెల. పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇచ్చేయవచ్చని, 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే వీలుందని బల్ల మీద చూశాకే సగం మంది బ్యాంకుకు పోవడం మానేశారు. ఫోన్ పట్టుకునే పని నాకే పడింది. రెప్ప కొట్టమంటుంది యాప్. 84 ఏళ్ల పెద్దాయన ఒకరు శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లను పెద్దవి చేసి చూస్తారే తప్ప రెప్ప వెయ్యరు. ‘బాబాయిగారూ, ఒక్కసారి రెప్ప కొట్టండి’ అంటే, ‘ఈ వయసులో పరాయి ఆడవాళ్ల ముందా!’ అని నవ్వారు. ఆ నవ్వులో రెప్ప పడింది, సర్టిఫికెట్ వచ్చింది.

పుకార్ల సంగతీ చెప్పాలి. 2020 మార్చిలో ఆపేసిన రైల్వే సీనియర్ సిటిజన్ రాయితీ, మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 శాతం ఉండేది కదా, మా బల్ల మీదికి మూడుసార్లు తిరిగొచ్చింది. స్టేషన్ కౌంటర్‌లోకి ఒక్కసారీ రాలేదు. 2024 మే 13 పోలింగుకు ముందు లోకం గడిని రోజుకు రెండుసార్లు ఎవరో తుడిచేసేవారు. చివరికి పోలింగ్ తేదీ, 85 దాటినవాళ్లు ఇంటి నుంచే ఓటెయ్యాలంటే నింపాల్సిన 12డి ఫారం సంగతి తప్ప ఏదీ రాయొద్దని తీర్మానించుకున్నాం. గొడవ సద్దుమణిగింది. పాపం, గడి కూడా చప్పబడింది.

ఇక ఆ ఒక్క మార్కు. రెండేళ్ల క్రితం ఆరోగ్యం గడిలో ‘బీపీ ఉన్నవాళ్లు మామూలు ఉప్పు మాని లో సోడియం ఉప్పు వాడండి’ అని వచ్చింది. మాట తప్పు కాదు. కానీ ఆ ఉప్పులో సోడియం తగ్గించిన మేర పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్ల ఒంట్లోంచి అది బయటికి పోతుంది. కిడ్నీలు బలహీనమై, పైగా టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర వేసుకునేవాళ్లలో నిలిచిపోతుంది. మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మా వారు ఆ రెండు కోవల్లోనూ ఉన్నారు. మామూలుగా చేయించుకునే రక్తపరీక్షలో పొటాషియం 5.9 వచ్చింది. 3.5 నుంచి 5 లోపు ఉండాల్సింది. డాక్టరు గారు మొదట అడిగింది కొబ్బరినీళ్ల గురించి, రెండోది ‘ఇంట్లో ఉప్పేమైనా మార్చారా అమ్మా?’ అని. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాం.

ఆ రోజు బల్ల కింద వేసిన ఫ్లాట్ నంబరు మాదే. రాసింది నేను. డాక్టరమ్మ గారు ఆ వారం కూతురింటికి వెళ్లి ఉన్నారు.

పాతిక మాటల్లో ‘ఎవరికి మంచిది’ పడుతుంది, ‘ఎవరికి కాదు’ పట్టదు. అప్పటి నుంచీ ఆరోగ్యం గడిలో ఆఖరి వరుస ‘ఎవరికి వద్దు’ అన్నదానికే వదలాలని నేనే పట్టుబట్టి పెట్టించాను. ఆ వరుసలో ఏం రాయాలో తెలియకపోతే పై వరుసలు కూడా రాయకూడదు.

చిన్న చిన్న లోపాలు: మొదట ఎత్తుగా కొట్టాం, వీల్ చెయిర్ వాళ్లకు అందలేదు. అడుగు దించాం. సుద్దపొడికి ఇద్దరికి దగ్గొచ్చేది, తడిగుడ్డతో తుడవడం మొదలెట్టాక తగ్గింది. ట్యూబులైటు మెరుపు మాత్రం పోలేదు.

ఒక అలవాటుంది మాకు. మాలో ఎవరైనా పోతే మర్నాడు బల్ల తుడిచి ఏమీ రాయకుండా ఉంచుతాం. పేరు కూడా వెయ్యం. టిఫిన్‌కు దిగినవాళ్లు ఖాళీ బల్ల చూసి, కుర్చీల వైపు చూస్తారు.

పోయిన సంక్రాంతి తర్వాత ఒక పొద్దున బల్ల అలాగే ఖాళీగా ఉంది. ఎవరూ ప్లేటు ముట్టుకోలేదు. ఒకరినొకరు లెక్కపెట్టుకుంటున్నారు. మేజర్ గారు కనబడలేదు. ఎనిమిది గంటలకు ఆయన లుంగీ సర్దుకుంటూ దిగి, అలారం మోగలేదని సణుగుతూ సుద్దముక్క అందుకున్నారు. ఇప్పుడు వంతు ఉన్నవాళ్లు ఏడున్నరకు రాకపోతే వంటగది అబ్బాయే వచ్చి నవ్వు గడిలో రాసి పోతాడు: ‘అందరూ ఉన్నారు. రాసేవారే ఇంకా లేవలేదు.’