పాత మియాటా కొనేవారు ముందుగా చూడవలసినది నీటి దారి

పైకప్పు వెనక్కి మడిచి నడుపుకునే రెండు సీట్ల కారు కొనాలన్న కోరిక నాకు ఎన్నో ఏళ్లుగా ఉంది. కొత్తది కొనే స్తోమత లేదు, ఇంట్లో రెండో కారు మీద అంత సొమ్ము పెట్టడం న్యాయమనీ అనిపించలేదు. అందుకని పన్నెండు వేల డాలర్లు దాటకూడదని గిరి గీసుకుని పాత కార్లు చూడడం మొదలుపెట్టాను. మేముండేది టెక్సస్‌లో, ఆస్టిన్ పక్కనున్న సీడార్ పార్కులో. నాలుగు నెలల్లో పదకొండు కార్లు చూసి, చివరికి 2010 నాటి మజ్డా ఎమ్‌ఎక్స్-5 మియాటా కొన్నాను. రెండేళ్లు నడిపిన తర్వాత ఆ కారు గురించీ, అంతకంటే ముఖ్యంగా దాన్ని ఏ లెక్కన ఎంచుకున్నానో ఆ లెక్క గురించీ రాస్తున్నాను. ఇంజిన్ బలం కంటే, మీటరులో కనిపించే మైళ్ల కంటే, పైకప్పు మీద పడిన వాన నీరు ఎటు పోతోందన్నదే ఇలాంటి కారులో ముందు తేల్చుకోవలసిన విషయమని ఆ పదకొండు కార్లూ చూశాక నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఆ డబ్బుకు దొరికేది మియాటా ఒక్కటే కాదు. 1997 నుంచి 2004 వరకు వచ్చిన మొదటి తరం పోర్షే బాక్స్‌టర్ కూడా దొరుకుతుంది. వీపు వెనక ఆరు సిలిండర్ల ఇంజిన్ మోగుతుంటే దాన్ని నడపడంలో ఉన్న ఆనందం వేరే. అయితే ఆ ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్టును మోసే బేరింగు చెడిపోతే ఒక్కోసారి ఇంజిన్ మొత్తం చేతికి రాకుండా పోతుంది. కొనే ధర తగ్గినంత మాత్రాన పోర్షే విడిభాగాల ధరలు తగ్గవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. హోండా ఎస్2000 నాకు మొదటి నుంచీ ఇష్టమైన కారు. నిమిషానికి తొమ్మిది వేల చుట్ల దాకా తిరిగే ఇంజిన్‌ను 2000 మోడల్‌తోనే అమెరికా రోడ్ల మీదికి తెచ్చిన కారు అది, కానీ దాచుకునేవాళ్లు ఎగబడి కొనడంతో దాని ధర నా గిరికి చాలా దూరం వెళ్లిపోయింది. టొయోటా ఎమ్‌ఆర్2 స్పైడర్‌లో సామాను పెట్టుకునే చోటు లేదనే చెప్పాలి. పాంటియాక్ సాల్‌స్టిస్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ పైకప్పు మడిస్తే డిక్కీ దానికే సరిపోతుంది, పైగా ఆ కంపెనీయే ఇప్పుడు లేదు. బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 ఒకటి దాదాపు కొనబోయాను. మా మెకానిక్ దాన్ని లిఫ్ట్ ఎక్కించి చూసి, ఆయిలు కారుతున్న చోట్లన్నీ టార్చి వేసి చూపించాక ఆ ఆలోచన మానుకున్నాను.

మియాటా 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చింది. అప్పటి నుంచి నాలుగు తరాలు మారాయి. పైకి లేచే హెడ్‌లైట్లున్న మొదటి తరం కార్లలో మంచి స్థితిలో ఉన్నవాటికి ఇప్పుడు బాగా ధర పలుకుతోంది, చవకగా దొరికేవాటిలో తుప్పు ఎక్కువ. 1999 నుంచి 2005 వరకు వచ్చిన రెండో తరానికి వెనక గాజు అద్దం వచ్చింది, ఇంజిన్ 140 హార్స్‌పవర్‌కు చేరింది. ఈ రెండు తరాల ఇంజిన్లకూ టైమింగ్ బెల్టు, అంటే ఇంజిన్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి లయ తప్పకుండా తిప్పే పట్టీ, ఉంటుంది. దాన్ని అరవై వేల మైళ్లకు ఒకసారి మార్చడం ఆనవాయితీ కాబట్టి, మార్చినట్టు రసీదు లేకపోతే మార్చలేదనే అనుకుని ధరలో ఆ ఖర్చు తగ్గించమని అడగాలి. 2006 నుంచి 2015 వరకు వచ్చిన మూడో తరానికి రెండు లీటర్ల ఇంజిన్, బెల్టు బదులు చైను వచ్చాయి, లోపలి చోటు కూడా పెరిగింది. 2016లో వచ్చిన నాలుగో తరం దాదాపు వెయ్యీ అరవై కిలోల బరువుతో నడకలో అన్నిటికంటే చురుకైనది, 2019 నుంచి దాని బలం 181 హార్స్‌పవర్‌కు పెరిగింది. డబ్బు ఉన్నవారు దాన్నే చూడవచ్చు. అయితే దాని మొదటి మూడేళ్ల కార్లలో గేర్‌బాక్సు మీద ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి, ఆ ఏళ్ల కారు చూసేటప్పుడు గేర్‌బాక్సు పని ఏమైనా జరిగిందా అని తప్పక అడగాలి.

మియాటా అభిమానులు చాలామంది మూడో తరాన్ని చిన్నచూపు చూస్తారు. బరువు పెరిగిందనీ, మలుపుల్లో ఒరుగుతుందనీ అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ నా ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. రెండో తరం కారులో కూర్చుంటే జుట్టు పైకప్పుకు తగిలేది, పైకీ కిందికీ జరగని స్టీరింగు తొడలను నొక్కేది. మూడో తరంలో స్టీరింగు ఎత్తు మార్చుకోవచ్చు, కాళ్లకూ తలకూ చోటుంది. ఎవరు ఎంత పొగిడినా, పైకప్పు మూసి అరగంట కూర్చుని చూడకుండా ఈ కార్లకు అడ్వాన్సు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇక నీళ్ల సంగతి. మడిచే పైకప్పున్న కారులో వాన నీరు పైకప్పు వెనక అంచు వెంబడి ఉండే కాలువలోకి దిగి, సీటు బెల్టు స్తంభాల వెనక మూలల్లో ఉండే రెండు రంధ్రాల గుండా గొట్టాల్లోకి పోయి, వెనక చక్రాలకు కాస్త ముందు నేల మీదికి కారుతుంది. రాలిన ఆకులు, దుమ్ము చేరి ఆ రంధ్రాలు పూడుకుపోతే నీరు పొంగి తివాచీ కిందికి చేరుతుంది, లేదా తలుపు కింద పొడవునా ఉండే ఇనుప పెట్టెలో నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు నున్నగా మెరుస్తూనే ఉంటుంది. వెనక చక్రం ముందు రంగు బుడగలా ఉబ్బిందంటే లోపల ఇనుము అప్పటికే పోయిందని అర్థం. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. అందుకే కారు చరిత్ర నివేదికలో యాక్సిడెంట్లతో పాటు అది ఏయే రాష్ట్రాల్లో తిరిగిందో కూడా చూడాలి.

కారు చూడడానికి వెళ్లిన ప్రతిచోటికీ ఒక లీటరు నీళ్ల సీసా, చిన్న టార్చి, పాత తువ్వాలు పట్టుకెళ్లేవాణ్ని. పాత కార్లు అమ్మే ఒక చోట కొత్త గుడ్డ పైకప్పు వేసిన ఎర్రటి రెండో తరం కారు చూపించారు. లోపల అత్తరు వాసన గుప్పుమంది. సీటు ముందుకు జరిపి, మ్యాటు తీసి, తువ్వాలు తివాచీ మీద పెట్టి మోకాలితో అదిమితే తువ్వాలు తడిసి బరువెక్కింది. సీటు జరిగే పట్టాల మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. నిన్ననే కడిగించామని అక్కడి మనిషి చెప్పాడు. ఒక్కరోజు కడిగితే పట్టాలకు అంత తుప్పు పట్టదు. కొత్త పైకప్పు చూసి మురిసిపోయి ఉంటే ఆ రోజే నష్టపోయేవాణ్ని.

నేను కొన్న కారు రిటైరైన ఒక టీచరమ్మది. ఆమె అనుమతి అడిగి, పైకప్పు సగం మడిచి ఆపి, ఎడమ మూలలో నీళ్లు పోశాను. క్షణంలో చక్రం ముందు ధారగా కారాయి. కుడి మూలలో పోసిన నీళ్లు నిలిచి, ఒక్కొక్క బొట్టే కారసాగాయి. ఈ తరం కార్లలో రంధ్రం మీద చేత్తో ఊడదీయగలిగే చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని తీసి చూస్తే లైవ్ ఓక్ చెట్ల ఆకులు, పుప్పొడి కుళ్లి నల్లగా, కాఫీ మడ్డిలా పట్టి ఉన్నాయి. కడిగి మళ్లీ పెట్టాక కుడివైపు కూడా ధార కట్టింది. తివాచీ అంతటా పొడిగానే ఉంది. అప్పటికే సగం నిర్ణయం అయిపోయింది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, గొట్టం లోపల పూడుకుంటే ఇనుప తీగ దూర్చవద్దు, గొట్టం చిల్లిపడుతుంది. మెత్తని నైలాన్ తాడు చాలు.

నాది బటన్ నొక్కితే మడుచుకునే గట్టి పైకప్పు, 2007 నుంచి ఈ తరంలో వచ్చింది. మధ్యలో ఉన్న పిడి చేత్తో విప్పి బటన్ పట్టుకుంటే దాదాపు పన్నెండు సెకన్లలో సీట్ల వెనక అరలోకి వెళ్లిపోతుంది, డిక్కీలో చోటు ఏమాత్రం తీసుకోదు. గుడ్డ పైకప్పు చిరిగితే కొత్తది వేయించుకోవచ్చు గానీ, ఈ మోటార్లు, కీళ్లు చెడితే ఖర్చు ఎక్కువ కాబట్టి కొనేముందు మూడుసార్లు తెరిచి మూయించి, ఎక్కడైనా తటపటాయిస్తోందా, రెండు పక్కలా సమంగా కూర్చుంటోందా అని చూడాలి. అయినా మా ఎండలకు నా ఓటు గట్టి పైకప్పుకే.

ఇంజిన్ పరీక్ష చల్లగా ఉన్నప్పుడే చేయాలి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పేవాణ్ని. చల్లటి గేర్‌బాక్సులో ఒకటి నుంచి రెండుకు మార్చినప్పుడు గరగరమంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టెక్సస్ వారికి మరొక మాట. 2025 నుంచి సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేసినా, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. ఇంజిన్ హెచ్చరిక లైటు వెలుగుతున్న కారు అందులో తప్పుతుంది. కొందరు బ్యాటరీ తీగ ఊడదీసి ఆ లైటును తాత్కాలికంగా ఆర్పేస్తారు. 1996 తర్వాతి కార్లన్నిటికీ ఉండే ఓబీడీ ప్లగ్గులో, అంటే కారు కంప్యూటరులోని సమాచారం చదివే చోట, చిన్న స్కానరు పెట్టి చూస్తే, కంప్యూటరు తన పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని కనిపిస్తుంది. అలా కనిపిస్తే కారణం అడగండి, వారం పోయాక మళ్లీ వచ్చి చూస్తామని చెప్పండి. టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనిగానీ రీబిల్ట్ (అలా దెబ్బతిన్నాక బాగుచేసినది) అనిగానీ ఉన్న కార్ల జోలికి నేను వెళ్లలేదు. డబ్బు చేతులు మారే రోజున అమ్మేవారితో కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లి, టైటిల్ బదిలీ కాగితాలు అక్కడే ఇవ్వడం మంచిది. మేము అలాగే చేశాం.

డెబ్బై ఒక్క వేల మైళ్లు తిరిగిన కారుకు 10,800 డాలర్లు ఇచ్చాను. టైర్ల గాడులు లోతుగానే ఉన్నా, అంచు మీద వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు చూస్తే అవి తొమ్మిదేళ్ల నాటివి. నాలుగూ మార్చడానికి 620, బ్రేకు, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లకు 340 అయ్యాయి. అమ్మకపు పన్ను 675 కలిపితే మొత్తం 12,435. నేను గీసుకున్న గిరిలో పన్ను లెక్క వేసుకోలేదు, మీరు వేసుకోండి.

నడపడం గురించి ఎంత రాసినా తక్కువే. 167 హార్స్‌పవర్ అంటే ఈ రోజుల్లో కుటుంబాలు తిరిగే ఎస్‌యూవీలకే అంతకు మించి ఉంటోంది. కానీ వాటిలో ఆ బలమంతా వాడుకునే రోడ్డే దొరకదు. మెడీనా నుంచి లేకీ వైపు వెళ్లే రాంచ్ రోడ్ 337 మీద, సున్నపురాతి గుట్టల నడుమ, మూడో గేరులో నలభై అయిదు మైళ్ల వేగంతో వెళ్తున్నప్పుడు, మణికట్టు కదిపితే చాలు పడే ఆ పొట్టి గేరు, చేతికి రోడ్డు తెలిసే ఆ స్టీరింగు, తల మీదుగా వచ్చే సీడార్ చెట్ల వాసన, ఇవన్నీ చట్టానికి లోబడే దొరుకుతాయి. వేసవి మధ్యాహ్నాలు మాత్రం పైకప్పు తీసే ప్రశ్నే లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ రోహిణి కార్తె ఎండే. తెల్లవారుజామున గానీ, రాత్రి భోజనాలయ్యాక గానీ తీస్తాం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ కారు కాలం.

నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఎక్కడం దిగడం కష్టమవుతుందని సంకోచించాను. ముందు పక్కకు తిరిగి కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకుంటే డెబ్బై రెండేళ్ల ఆయనకూ ఇబ్బంది లేకపోయింది. ఒక ఆదివారం పొద్దున్నే లేక్ ట్రావిస్ వైపు తీసుకెళ్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, మన చేతక్ మీద నిన్ను ముందు నిలబెట్టుకుని గోదావరి గట్టున వెళ్లినట్టుందిరా," అన్నారు. ఆ మర్నాడు నుంచి రోజూ ఆరింటికల్లా టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు.

లోటుపాట్లు లేవని కాదు. స్టెప్నీ ఉండదు, గాలిపంపు, అతికించే ద్రవం మాత్రమే ఇస్తారు, టైరు పక్క చీలితే టోయింగ్ తప్పదు. డిక్కీ నూట యాభై లీటర్లు, రెండు చిన్న సంచులు పడతాయి, బియ్యం బస్తా పెట్టాక ఇంకేమీ పట్టదు. పిల్లలున్న ఇంటికి ఇది ఒక్కటే కారుగా పనికిరాదు. హైవే మీద డెబ్బై దాటితే పైకప్పు మూసి ఉన్నా ఫోను మాట్లాడడం కష్టం. ఇంజిన్ ఆయిలు పెద్దగా తాగకపోయినా, రెండుసార్లు పెట్రోలు పోయించుకున్నాక ఒకసారి పుల్ల తీసి చూడడం అలవాటు చేసుకున్నాను.

ఇక్కడ లైవ్ ఓక్ చెట్లు ఆకులు రాల్చేది మార్చి నెలలో. ఆ నెలాఖరున రెండు జల్లెడలూ తీసి కడిగి, సీసాతో నీళ్లు పోసి చూస్తాను. ఈ ఏడాది రెండు వైపులా మొదటిసారికే ధార కట్టింది.