బరువైన బెంచీకి డెక్ చట్రం: జాయిస్టులను బలపరచడమా, కింద దూలం నిలపడమా?

డెక్ మీద, అంటే ఆరుబయట నేలకు ఎత్తుగా కట్టే చెక్క వేదిక మీద, రాతి బెంచీ వేయాలనుకున్నవారు చట్రానికి ఎంత మందం కలప వాడాలని మొదట అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం, ఆ బరువు ఏ దారిలో నేలను చేరుతుందన్నది. పలకల నుంచి వాటి కింద వరుసగా పరిచిన మోత కర్రలైన జాయిస్టులకు, జాయిస్టుల నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, చివరకు పునాదికి సాగే ఆ దారి ఎంత పొట్టిగా ఉంటే చట్రం అంత నిశ్చింతగా ఉంటుంది. అందుకే వీలున్న ప్రతిచోటా జాయిస్టులను లావు చేయడం కంటే బెంచీకి సరిగ్గా కింద ఒక దూలం నిలపడమే మేలని నా అభిప్రాయం.

ముందుగా బరువు లెక్క చూద్దాం. మీటరున్నర పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక ఒక్కటే దాదాపు 146 కిలోలు తూగుతుంది. 40 సెంటీమీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న రాతి కాళ్లు రెండు కలిస్తే మరో 86 కిలోలు అవుతాయి. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మొత్తం 450 కిలోలు దాటుతుంది, అంటే ఒక్కో కాలి కింద సుమారు 230 కిలోలు పడతాయి. ఇంటి డెక్‌లకు మనుషుల, సామాన్ల బరువు కింద చదరపు మీటరుకు సుమారు 195 కిలోలు లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ లెక్కన ఈ బెంచీ ఆక్రమించే చోటికి వచ్చేది 130 కిలోలే. చుట్టుపక్కల జాయిస్టులు కొంత పంచుకుంటాయి కనుక చట్రం ఒక్కసారిగా కూలిపోదు. కానీ బరువు రెండు చోట్లే పోగుపడటం, అందులో సగం రాత్రింబవళ్లు అక్కడే ఉండిపోవడం అసలు చిక్కు. జాయిస్టు పొడవునా పరుచుకున్న బరువుతో పోలిస్తే, అదే బరువు సరిగ్గా మధ్యలో ఒక్కచోట పడితే వంచే బలం రెట్టింపవుతుంది. పైగా కలప శాశ్వత భారం కింద కాలక్రమేణా మరింత వంగుతుంది: మొదటి రోజు వంగిన దానికి ఆరిన కలపలో సగం మేర, తడిసే కలపలో దాదాపు అంతే మేర అదనంగా చేరవచ్చని లెక్కలో కలుపుకోవాలి.

జాయిస్టుల మధ్య దూరాన్ని 40 నుంచి 30 సెంటీమీటర్లకు తగ్గించడం చాలామందికి తోచే మొదటి ఉపాయం. పరుచుకున్న బరువులో ఒక్కో జాయిస్టు వాటా దీనివల్ల పావు వంతు తగ్గే మాట నిజమే. అయితే బెంచీ కాలు ఏ జాయిస్టు మీద నిలిచిందో ఆ జాయిస్టు కష్టం పెద్దగా తగ్గదు కనుక, ఇది పైపలకలకు మేలు చేసినంతగా చట్రానికి చేయదు.

కొత్తగా కడుతున్నవారికి లోతైన జాయిస్టు వాడటం దీనికంటే ఎంతో లాభం. జాయిస్టు బలం లోతు వర్గాన్ని బట్టి, వంగకుండా నిలిచే బిగువు లోతు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. 184 మిల్లీమీటర్ల లోతున్న జాయిస్టుకు బదులు 235 మిల్లీమీటర్లది వాడితే కలప 28 శాతమే ఎక్కువ పడుతుంది, కానీ బలం 1.6 రెట్లు, బిగువు రెండు రెట్లు అవుతాయి. పాత జాయిస్టు పక్కనే అదే కొలత ఉన్న మరొకదాన్ని బిగిస్తే బలం, బిగువు రెండూ రెట్టింపే అవుతాయి, అయితే ఆ జాయిస్టుకు కలప కూడా రెట్టింపు కావాలి. ఇప్పటికే కట్టి ఉన్న డెక్‌లో జాయిస్టులను బలపరచాలంటే మాత్రం ఈ జంట జాయిస్టు పద్ధతే అందుబాటులో ఉంటుంది, అది కూడా కాళ్లు పడే చోట్లకే చాలు. జాయిస్టుల మధ్య దూరం 40 సెంటీమీటర్లు ఉన్నప్పుడు బెంచీని వాటికి అడ్డంగా వేసి, కాళ్ల మధ్య దూరం 120 సెంటీమీటర్లు ఉంచితే రెండు కాళ్లూ సరిగ్గా జాయిస్టుల మీదే నిలుస్తాయి. కాళ్లకు ఇరువైపులా జాయిస్టుల నడుమ బిగుతుగా అడ్డచెక్కలు కొడితే, అవి బరువులో కొంత పక్కవాటికి అందించి, జాయిస్టు ఒరగకుండా ఆపుతాయి.

ఇక బెంచీ కింద అదనపు దూలం సంగతి. కాళ్లు నేరుగా దూలం మీదుగా నిలిచినప్పుడు బెంచీ భారానికి జాయిస్టు వంగవలసిన అవసరమే ఉండదు, అది కేవలం నొక్కుడును కిందికి అందిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడేది పునాది దగ్గర. బంకమట్టి నేల చదరపు మీటరుకు సుమారు 7,300 కిలోలు మోస్తుందని అనుకుంటే, 450 కిలోల బెంచీకి 30 సెంటీమీటర్ల చదరపు పునాది ఒక్కటే సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ మధ్యలో తెగకుండా ఒకే ముక్కగా ఉన్న జాయిస్టులకు సరిగ్గా నడుమ దూలం పెడితే, అది వాటి మీది మొత్తం భారంలో సగం కాదు, ఎనిమిదింట ఐదు వంతులు తన మీదికి లాక్కుంటుంది. జాయిస్టులు 3.6 మీటర్ల పొడవుండి, దూలం 2 మీటర్ల వెడల్పును మోస్తే, డెక్ సొంత బరువు, మనుషుల బరువు కలిపి చదరపు మీటరుకు 250 కిలోల లెక్కన 1,800 కిలోలు అవుతాయి. అందులో దూలం వాటా 1,125 కిలోలు, దానికి బెంచీని కలిపితే దాదాపు 1,580 కిలోలు. రెండు స్తంభాలు పంచుకుంటే ఒక్కోదానికి 790 కిలోలు పడతాయి. కాబట్టి ఒక్కో పునాదికి 30 సెంటీమీటర్లు చాలవు, 40 సెంటీమీటర్ల చదరం వేయాలి. పూడ్చిన మట్టిలో ఈ లెక్క చెల్లదు, అక్కడ గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. నేల గడ్డకట్టే ప్రాంతాల్లో మంచు చొరబడే లోతు కంటే కిందికి దిగాలి. దూలాన్ని స్తంభం పక్కన బోల్టులకు వేలాడదీయకుండా స్తంభం తల మీదే కూర్చోబెట్టాలి.

డెక్‌తో సంబంధం లేకుండా, పలకల్లో రంధ్రాలు చేసి బెంచీ కాళ్లను సొంత పునాదుల మీద నిలపడం మరో మార్గం. నేలకు దగ్గరగా ఉన్న డెక్ మీద కదలని కట్టుడు బెంచీ వేసేటప్పుడు ఇదే అన్నిటికంటే మేలు. కాళ్ల చుట్టూ వేలెడంత ఖాళీ వదిలితే డెక్, బెంచీ దేని దారిన అది కదులుతాయి. ఎత్తైన డెక్‌కు మాత్రం ఇందుకు పొడవాటి స్తంభాలు, వాటికి ఏటవాలు ఊతకర్రలు కావాలి, అంత శ్రమ పడితే అదనపు దూలమే వేసుకోవచ్చు.

కింద స్తంభం నిలపడానికి చోటే లేని పాత డెక్‌లో, బెంచీని ఉన్న దూలానికి వీలైనంత దగ్గరగా, దానికి సమాంతరంగా జరిపి, కాళ్ల కింది జాయిస్టులను జంట చేయాలి. అంచున దూలం దాటి బయటికి పొడుచుకు వచ్చిన భాగం మీద మాత్రం బెంచీ పెట్టకూడదు. ఇంటి గోడ వైపు ఉంటే, గోడకు ఆనించిన పలక మేకులతో కాక బోల్టులతో బిగించి ఉందో లేదో ముందే చూసుకోవాలి. జంట జాయిస్టుల నడుమ సందులో నీరు నిలిచి కలప కుళ్లుతుంది కనుక, పైపలకలు తిరిగి బిగించేలోపు ఆ రెండింటి తలలను కలిపి నీరు దిగని టేపుతో కప్పాలి.