విమ్-స్లైమ్‌తో ఎనిమిదేళ్లు

నా ఉద్యోగం ఊళ్ల పేర్లతో. ఒక ఆఫీసు నుంచి వచ్చిన ఎక్సెల్ షీట్‌లోని గ్రామాల పేర్లను ఇంకో ఆఫీసు జాబితాతో జత చేయాలి, జత కుదరనివి ఎందుకు కుదరలేదో తేల్చాలి. పైథాన్‌లో రాస్తాను. ఈ పనికి ప్రోగ్రామంతా రాసేసి ఒకేసారి నడపడం కుదరదు. రెండు లైన్లు రాసి ఏం వచ్చిందో చూడాలి, మళ్లీ ఒక లైను మార్చాలి. షీట్ లోడ్ కావడానికే నిమిషం పైన పడుతుంది. మార్చిన ప్రతిసారీ మొదటినుంచి నడిపితే నా ఉద్యోగం లోడింగ్ చూడటమే అవుతుంది.

అందుకే 2017లో విమ్-స్లైమ్ పెట్టుకున్నాను. ఇది విమ్ ఎడిటర్‌కి ఒక చిన్న ప్లగిన్. కమాండ్లు కొట్టే టెర్మినల్‌ని భాగాలుగా విడగొట్టే టీమక్స్‌లో స్క్రీన్‌ని రెండు పేన్లు (భాగాలు) చేస్తాను: ఎడమవైపు విమ్, కుడివైపు పంపిన పైథాన్‌ని అప్పటికప్పుడు నడిపి చూపే ఐపైథాన్. కంట్రోల్ పట్టుకుని సి రెండుసార్లు నొక్కితే కర్సర్ ఉన్న పేరా కుడివైపుకి వెళ్లి నడుస్తుంది. లోడ్ చేసిన డేటా అక్కడే మెమరీలో ఉంటుంది కాబట్టి జవాబు వెంటనే వస్తుంది. ప్లగిన్ చేసేది అంతే. ఈమాక్స్ ఎడిటర్‌లో కామన్ లిస్ప్ అనే భాష కోసం వచ్చిన స్లైమ్ నుంచి పేరూ ఆ కీలూ తెచ్చుకుంది గానీ, ఆ పెద్ద స్లైమ్ నడుస్తున్న లిస్ప్‌తో నేరుగా మాట్లాడుతుంది, దాని లోపలికి తొంగి చూస్తుంది. ఇది మాత్రం టెక్స్ట్ తీసుకెళ్లి అవతల పేస్ట్ చేసి వచ్చేస్తుంది. ఉత్తరం చదవని పోస్ట్‌మ్యాన్ అన్నమాట. ఇన్నేళ్లలో నాకు జరిగిన మంచికీ చెడుకీ కారణం ఇదే.

మంచి ముందు. అవతల ఏముందో దీనికి పట్టదు కాబట్టి అవతల ఏదైనా పెట్టుకోవచ్చు. పొద్దున ఐపైథాన్, మధ్యాహ్నం గణాంకాల భాష ఆర్, సాయంత్రం డేటాబేస్‌తో మాట్లాడే పీఎస్‌క్యూఎల్: మూడింటికీ అవే కీలు. కుడి పేన్‌లో ఎస్ఎస్‌హెచ్ చేసి (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయి) సర్వర్‌లో పైథాన్ తెరిచినా తేడా ఉండదు. ఈ మధ్య టీమక్స్‌నే సర్వర్ మీద నడుపుతున్నాను. ఇంట్లో కరెంటు పోయి వై-ఫై ఆగినా, తర్వాత మళ్లీ అటాచ్ చేస్తే లోడ్ చేసిన షీట్, వేరియబుల్స్ అన్నీ ఎక్కడివక్కడే. ఇక నా ఫైలు మామూలు పైథాన్ ఫైలే. కోడ్‌నీ ఫలితాన్నీ ఒకేచోట ఉంచే జూపిటర్ నోట్‌బుక్‌లోలా అవుట్‌పుట్లు, బొమ్మలు జేసన్ ఫైలులో కలిసిపోయి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో తేడా చూడటం తలనొప్పిగా మారదు.

ముక్కముక్కగా నడపడం వల్లే పట్టుకోగలిగిన ఒక సంగతి చెబుతాను, తెలుగు డేటాతో కుస్తీ పట్టేవాళ్లకి పనికొస్తుంది. రెండు జాబితాల్లోనూ ‘హుజూరాబాద్’ ఉంది, జత మాత్రం కుదరట్లేదు. కళ్లకి రెండూ ఒకటే. చివర ఖాళీలేమో అనుకుని వాటిని తీసేసే స్ట్రిప్ కొట్టాను, ఫలితం లేదు. ఆ ఒక్క లైనుని పొడవు లెక్కపెట్టే లెన్‌గా మార్చి పంపితే ఒకదానికి 10, రెండోదానికి 11. తెలుగు అక్షరాలని కోడ్‌లుగా చూపే ఆస్కీ ఫంక్షన్ పెట్టి పంపితే దొంగ దొరికాడు: చివర జీరో విడ్త్ నాన్ జాయినర్. ఎవరో ‘హుజూరాబాద్‌లో’ అని టైప్ చేసి ‘లో’ చెరిపేసి ఉంటారు, కనబడని ఆ అక్షరం మిగిలిపోయింది. పైథాన్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు, అందుకే స్ట్రిప్ దాని జోలికి పోదు. కైకలూరు జబ్బు వేరు. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. ఇలాంటి రూపాలని ఒకే పద్ధతికి తెచ్చే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేస్తే రెండూ ఒకటవుతాయి. హుజూరాబాద్ చివరి దొంగని మాత్రం నార్మలైజేషన్ కూడా కదిలించదు, విడిగా తీసేయాలి. ఇదంతా తేలడానికి పావుగంట పట్టింది. ప్రతిసారీ షీట్ మళ్లీ లోడ్ చేసి ఉంటే ఆ పూట అక్కడే గడిచేది.

ఇక చెడు. మొదటి వారంలోనే రెండు చిరాకులు ఎదురవుతాయి. ఐపైథాన్ కోసం సెట్టింగుల్లో ఒక లైను చేర్చకపోతే ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) మెట్లు మెట్లుగా కుడివైపు జరిగిపోయి ఎర్రర్ వస్తుంది. పేరా అంటే దీని లెక్కలో ఖాళీ లైనుకీ ఖాళీ లైనుకీ మధ్య ఉన్నది, కాబట్టి ఫంక్షన్ మధ్యలో ఖాళీ లైను ఉంటే సగమే వెళ్తుంది. హాష్ పక్కన రెండు పర్సెంట్ గుర్తులు పెట్టి ఫైలుని సెల్స్‌గా విడగొట్టుకుని, సెల్ పంపడానికి ఒక కీ కేటాయించుకుంటే ఇది తీరిపోతుంది. ఆ గుర్తునే స్పైడర్, వీఎస్ కోడ్ కూడా గుర్తుపడతాయి, కాబట్టి వేరే ఎడిటర్ వాడేవాళ్లకి ఫైలు ఇచ్చినా ఇబ్బంది లేదు.

అసలు ప్రమాదం అడ్రసుతో, అంటే ఏ పేన్‌కి పంపాలో ప్లగిన్‌కి చెప్పేదానితో. ఓ రోజు పైథాన్ పేన్ మూసేసి ఇంకోటి తెరిచాను, పేన్ల నంబర్లు మారాయి, నేను చూసుకోలేదు. ‘ఇంపోర్ట్ సిస్’తో మొదలయ్యే సెల్ పంపితే అది పైథాన్‌కి కాక, సిస్టమ్ కమాండ్లు నడిపే బాష్‌కి వెళ్లింది. నా మెషీన్‌లో బొమ్మల పనులు చేసే ఇమేజ్‌మ్యాజిక్ ఉంది, దానికీ ఇంపోర్ట్ అనే కమాండ్ ఉంది, అది స్క్రీన్‌ని ఫొటో తీస్తుంది. మౌస్ కర్సర్ ప్లస్ గుర్తులా మారి కూర్చుంది. విసుగొచ్చి ఎక్కడో క్లిక్ చేశాను. రెండు రోజుల తర్వాత ఫోల్డర్‌లో ‘సిస్’ అనే ఫైలు కనబడితే తెరిచి చూశాను. నా స్క్రీన్ ఫొటోనే.

రెండోసారి నవ్వొచ్చే పని కాలేదు. అప్పట్లో అడ్రసుని ‘చివరిగా వాడిన పేన్’ అని పెట్టుకున్నాను, సౌకర్యంగా ఉంటుందని. ఒక పేన్‌లో టెస్ట్ డేటాబేస్, ఇంకోదాంట్లో లైవ్ (అసలు డేటా). లైవ్‌లో ఒక సంఖ్య సరిచూసుకుని ఎడిటర్‌కి తిరిగొచ్చి, టెస్ట్ టేబుల్‌ని ఖాళీ చేసే డిలీట్ పేరా పంపాను. చివరిగా వాడిన పేన్ లైవ్. పీఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఆటోకమిట్ ఆన్‌లో ఉంటుంది, అంటే కమాండ్ నడవగానే మార్పు ఖాయమైపోతుంది, కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు. ముందు రాత్రి బ్యాకప్ ఎక్కించి, ఆ రోజు ఎంట్రీలు చేత్తో కొట్టాం. తప్పు పూర్తిగా నాదే, మేనేజర్‌కీ అదే చెప్పాను. అప్పటినుంచి లైవ్‌ని టీమక్స్ బయట, వేరే టెర్మినల్‌లో మాత్రమే తెరుస్తాను. అడ్రసుగా పేన్ నంబర్ బదులు పర్సెంట్ గుర్తుతో మొదలయ్యే పేన్ ఐడీ ఇస్తాను. ఆ పేన్ బతికున్నంతకాలం ఐడీ మారదు. కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ అడ్రసు అడుగుతుందని చాలామంది విసుక్కుంటారు. ఆ ప్రశ్నని ఆపేసే సెట్టింగ్ ఉంది గానీ నేను ముట్టుకోను.

ఇంకో చెడు మెల్లగా బయటపడుతుంది. ఫైలులో చెరిపేసినది సెషన్‌లో చెరగదు. ఒక ఫంక్షన్ పేరు మార్చాను, ఒకచోట పాత పేరే మిగిలింది. పాత ఫంక్షన్ మెమరీలో ఉంది కాబట్టి నాకు సాయంత్రం దాకా అన్నీ బాగానే నడిచాయి. రాత్రి చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్ అదే ఫైలుని కొత్తగా నడిపి నేమ్ ఎర్రర్‌తో ఆగింది. పొద్దున్నే జూనియర్ ఫోన్: “అన్నా, రిపోర్ట్ రాలేదు, నిన్న మీ దగ్గర నడిచింది కదా?” నడిచింది మరి! నోట్‌బుక్‌లకీ ఇదే జబ్బు ఉంది, కాబట్టి ఒక్క దీన్నే తిట్టలేను. ఇప్పుడు భోజనానికి వెళ్లేముందు ఒకసారి, గిట్‌లో కమిట్ చేసేముందు ఒకసారి ఐపైథాన్ మూసి, ఫైలు మొత్తం పైనుంచి నడుపుతాను. టెన్షన్ చాలావరకు తగ్గింది.

గ్రాఫులు ఎక్కువ గీసేవాళ్లకి ఇది చెప్పను. ఫైలులో సేవ్ చేసుకుని విడిగా తెరవాల్సిందే, జూపిటర్‌లోలా కోడ్ కిందే కనబడవు. విమ్ రానివాళ్లు దీనికోసం విమ్ నేర్చుకోవడం కూడా దండగ. వీఎస్ కోడ్ ఇంటరాక్టివ్ విండోలో షిఫ్ట్-ఎంటర్ దాదాపు ఇదే పని చేస్తుంది, పైగా వేరియబుల్స్‌ని పట్టికలా చూపిస్తుంది. మా జూనియర్ రెండు వారాలు నా పద్ధతి ప్రయత్నించి అటే వెళ్లిపోయాడు. నేను వద్దనలేదు.

నాకింకా తీరని బాధ ఒకటుంది. నా టెర్మినల్‌లో తెలుగు సరిగ్గా కనబడదు. వత్తులు పక్కకి జరుగుతాయి, శ్రీకాకుళంలోని ‘శ్రీ’ ముక్కలై కనిపిస్తుంది, పట్టిక గీతలు వంకరపోతాయి. డేటా సరిగ్గానే ఉంటుంది, చూపే తీరే తేడా. అది ప్లగిన్ తప్పూ కాదు. ఊళ్ల పేర్లని కంటితో చూసుకోవాల్సి వస్తే సీఎస్‌వీగా రాసి లిబ్రెఆఫీస్‌లో తెరుస్తాను. రోజుకి పదిసార్లయినా తెరుస్తాను.