కింది జ్ఞానదంతం తీయించుకున్న క్లినిక్: హస్తవాసి మంచిదే, జాగ్రత్తలు చెప్పడంలోనే లోటు

నా కుడి దవడలోని కింది జ్ఞానదంతం సగం బయటికి వచ్చి, మిగతా సగం చిగురు కిందే ఉండిపోయింది. ఆ చిగురు అంచు కింద తిన్నదంతా చేరి కుళ్లడం వల్ల ఏడాదిలో మూడుసార్లు వాపు వచ్చింది. మూడోసారి చీము కూడా పట్టి, నోట్లో వేలు పట్టడమే కష్టమైంది. అప్పుడు వెళ్లిన దంతవైద్యశాల గురించే ఈ సమీక్ష. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదు కూడా ఉంది.

ముందుగా మెచ్చుకోవలసినవి. నాలుగు జ్ఞానదంతాలూ ఒకేసారి తీసేయమని అడుగుదామని వెళ్లిన నన్ను డాక్టరుగారే వారించారు. పదేపదే చిగురు వాచడం, పుచ్చిపోవడం, పక్క పన్నును దెబ్బతీయడం, చుట్టూ తిత్తి ఏర్పడటం వంటి కారణం ఉంటేనే తీయాలని, ఇబ్బంది పెట్టని పన్నును అప్పుడప్పుడు పరీక్షించుకుంటే చాలునని చెప్పి, మిగిలిన మూడింటి జోలికి వెళ్లలేదు. నాలుగు పళ్లకు బిల్లు వేసే అవకాశాన్ని వదులుకున్న వైద్యుని మీద సహజంగానే నమ్మకం కుదిరింది.

దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే, అంటే ఓపీజీ, తీశాక దాన్ని తెరమీద పెట్టి, పెన్సిలు మొనతో రెండు సన్నని తెల్లని గీతలు చూపించారు. వాటి మధ్య నుంచి వెళ్లే నరం కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. నా పన్ను వేరు కొన ఆ గీతల్లో పైదాన్ని తాకుతున్నట్టు కనిపించడంతో, కచ్చితంగా తెలుసుకోవడానికి సీబీసీటీ అనే త్రీడీ స్కానింగు కూడా చేయించారు. ఆ నరానికి ఒత్తిడి తగిలితే పెదవి మొద్దుబారవచ్చు. చాలామందిలో అది వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది కానీ, అరుదుగా శాశ్వతంగా కూడా ఉండిపోతుంది. వేరూ నరమూ మరీ పెనవేసుకుని ఉంటే, పన్ను పై భాగాన్ని మాత్రమే తీసి వేళ్లను అలాగే వదిలేసే పద్ధతి ఒకటుందని కూడా వివరించారు. నాకు ఆ అవసరం రాలేదు. రక్తం పలచబడే మందులు గానీ ఎముకల బలహీనతకు వాడే మందులు గానీ వాడుతున్నారా అని రెండుసార్లు అడిగి, వాడుతున్నా సొంతంగా ఆపేయవద్దని, వైద్యులు చెప్పినట్టే నడుచుకోవాలని హెచ్చరించారు. సంతకానికి ముందు ఇంత వివరంగా మాట్లాడే చోటు దొరకడం అదృష్టమే.

ఇక పన్ను తీయడం. మత్తు సూది నొప్పిని పూర్తిగా ఆపింది. అయితే ఒత్తిడినీ చప్పుడునూ ఆపలేదు, ఏ మత్తు సూదీ ఆపదు. పన్నును రెండు ముక్కలు చేసినప్పుడు వచ్చిన ఫెళ్లుమనే శబ్దం చెవిలో కాదు, పుర్రెలోనే వినిపించినట్టయింది. "ఇప్పుడొక చప్పుడు వస్తుంది, కంగారుపడకండి" అని ఒక్క మాట ముందుగా అని ఉంటే బాగుండేది. సహాయకురాలు మాత్రం నా దవడ కింద అరచేయి ఆనించి మొదటి నుంచి చివరి వరకూ కదలకుండా పట్టుకున్నారు. మూడు కుట్లతో పని ముగిసింది.

అసలు ఫిర్యాదు ఆ తర్వాతి పది నిమిషాల గురించి. నోట్లో గాజుగుడ్డ కరిపించి, పెదవి ఇంకా తిమ్మిరిగా ఉండగానే, పదకొండు సూచనలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ప్రశ్న అడగడానికి నోరు లేని సమయమది. ఆ కాగితంలో "మెత్తని ఆహారం తీసుకోండి" అన్న మాటకూ "పుక్కిలించవద్దు" అన్న మాటకూ ఒకే సైజు అక్షరాలు. నిజానికి వీటిలో రెండోదే ప్రాణం. పన్ను ఊడిన గుంటలో గడ్డకట్టే రక్తమే లోపలి ఎముకకు కప్పు. మొదటి రోజు గట్టిగా పుక్కిలించినా, ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, పొగ తాగినా ఆ గడ్డ కదిలిపోవచ్చు. గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా కడుక్కోవడం మరునాటి నుంచి మొదలుపెట్టవలసిన పని. కారణం తెలియని నేను, నోట్లో రక్తపు రుచి భరించలేక, ఆ సాయంత్రమే రెండుసార్లు గట్టిగా పుక్కిలించాను.

వాపు రెండు మూడు రోజుల్లో పతాకస్థాయికి చేరి తగ్గడం మామూలే. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగితే మాత్రం అనుమానించాలి. గురువారం పన్ను తీస్తే, ఆదివారం మధ్యాహ్నం నుంచి చెవి దాకా లాగే సలుపు, నోట్లో చెడువాసన మొదలయ్యాయి. కాగితం అడుగున ఉన్న అత్యవసర నంబరుకు ఐదుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారీ ఎత్తలేదు. సోమవారం వెళ్తే డ్రై సాకెట్, అంటే గుంటలోని రక్తపు గడ్డ పోయి లోపలి ఎముక బయటపడటం, అన్నారు. గుంటను కడిగి, లవంగనూనె వాసన వేసే మందుగుడ్డ కూరారు. పావుగంటలో సలుపు సగానికి తగ్గింది. దానికి అదనపు రుసుము తీసుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. అయితే ఫోన్ సంగతి అడిగితే రిసెప్షన్‌లో వచ్చిన జవాబు చిరునవ్వే.

ఐదు నక్షత్రాలకు నేను మూడున్నర ఇస్తాను; తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ఆ ఎత్తని ఫోనుకు, అర ఆ కాగితానికి. ఎడమవైపు పన్ను ఎప్పుడైనా తిరగబడితే మళ్లీ ఇదే డాక్టరుగారి దగ్గరికి వెళ్తాను. కానీ సూచనల కాగితాన్ని సూది వేయకముందే అడిగి తీసుకుని, సందేహాలన్నీ అప్పుడే తీర్చుకుని, వారాంతానికి ముందు కాకుండా సోమవారం నాడే తీయించుకుంటాను.