కొర్రమీను అండకణాలు: పారఫిన్ కోతా, క్రయోస్టాట్ కోతా?

నాగార్జునసాగర్, డిండి జలాశయాల వైపు దొరికే కొర్రమీను అండాశయాన్ని ఏ పద్ధతిలో కోయాలన్నది మనం వెతికేదాన్ని బట్టి ఉంటుంది.

డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు పారఫినే మేలు, అంటే ముక్కను కరిగించిన మైనంలో పొదిగి కోయడం. 3 మి.మీ. ముక్కను 6 పాళ్లు ఆల్కహాల్, 3 పాళ్లు క్లోరోఫాం, 1 పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన, కణజాలం చెడకుండా నిలిపే కార్నాయ్ ద్రావణంలో గంటన్నర ఉంచాలి. మిథైల్ గ్రీన్-పైరోనిన్ అనే రంగుల మిశ్రమంతో లేత అండకణం కణద్రవ్యం, కేంద్రకపు అంచున వరుసకట్టిన కేంద్రకాంశాలు (న్యూక్లియోలస్‌లు) ఎర్రబడతాయి. పక్క స్లైడును ముందే ఆర్ఎన్ఏను విడగొట్టే ఎంజైము ఆర్ఎన్ఏజ్‌లో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచండి. అందులో ఎరుపు పోతేనే అది ఆర్ఎన్ఏ. ఈ పోలిక లేని ఫొటోను నమ్మలేం. డీఎన్ఏకు రంగు తెచ్చే ఫ్యుల్జెన్ పద్ధతిలో డీఎన్ఏ పాలిపోయి కనిపిస్తే కంగారొద్దు, ఉబ్బిన కేంద్రకంలో అది పలచగా పరుచుకుంటుంది. పచ్చసొన నిండిన గుడ్లు మాత్రం, మైనం ఎక్కించే ముందు వాడే జైలీన్‌లో ఎక్కువసేపుంటే గట్టిపడి, కోతలో పొడిపొడిగా రాలతాయి.

ఎంజైములకు ఆ మైనం వేడి, ఆల్కహాల్ చేటు. ముక్కను గడ్డకట్టించి కోసే యంత్రమైన క్రయోస్టాట్‌లో మైనస్ 20 డిగ్రీల వద్ద 10 మైక్రాన్ల కోతలు తీయాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైముకు, అది విడగొట్టే గ్లిసరోఫాస్ఫేట్, కాల్షియం, మెగ్నీషియం ఉన్న క్షార ద్రావణం వాడి, కోబాల్ట్, అమ్మోనియం సల్ఫైడ్‌తో నలుపు తేవాలి. గ్లిసరోఫాస్ఫేట్ లేని స్లైడులోనూ నల్లబడితే అది ఎంజైము కాదు. నల్లగొండ ఎండలో సంతలో ఆరిన చేప దీనికి పనికిరాదు, బతికున్నదే కావాలి.